తడవని ముడి

కన్నతల్లి తోడుకున్న బిందెడు నీళ్ళను కొడుకే మళ్ళీ బావిలో పోయించాడు. చాటుమాటున కాదు. పట్టపగలు, పది గంటల ఎండలో, ఊరు ఊరంతా చూస్తుండగా.

ఆ కొడుకు దుర్మార్గుడేమీ కాడు. అతనికి ఒక ఖాకీ చొక్కా, ఒక ఈల, మెడలో వేసుకోవడానికి ఒక తాళంచెవి ఇచ్చి బావి దగ్గర కాపలా పెట్టారు. పెట్టిన కంట్రాక్టరు నాలుగడుగుల దూరంలో జీపుకి ఆనుకుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. బావి మీద ఇనుప జల్లెడ మూత, దానికి అరచెయ్యంత తాళం. రోజుకొక్కసారి, నీటిమట్టం కొలవడానికి మాత్రమే ఆ మూత తీస్తారు. ఆ పది నిమిషాల సందులో ముసలామె పెద్దకోడలి వెనకాలే వచ్చి, ఎవరూ వద్దనేలోపు బిందె దింపి తోడేసింది.

“పొయ్యమ్మా,” అన్నాడు కొడుకు. తల్లి మొహం చూడలేక బిందె మూతి చూస్తూ అన్నాడు. “తిరిగి పోసెయ్యి.”

“ఎక్కడ పొయ్యమంటావురా?”

“బావిలోనే.”

ముసలామె బిందె ఎత్తింది. “నీకు పాలిచ్చినప్పుడు నేను కొలిచి ఇవ్వలేదురా,” అని, బిందె వంచింది. నీళ్ళు అడుగున పడిన చప్పుడు ఒక్క క్షణం ఆగి పైకి వచ్చింది.

ఆ చప్పుడు వింటూ గట్టు మీద కూర్చున్నది పెద్దకోడలు. ఒళ్ళో టేపు, వేళ్ళకు సుద్ద. ఊరంతా ఆమెను కొలతల వదిన అంటుంది. నిజానికి ఆమె వదిన అయ్యేది ఆ కాపలా మరిది ఒక్కడికే. కానీ అతని పిలుపు ఊరికి నచ్చింది, పళ్ళూడిన ముసలాళ్ళు కూడా వదినా అనేస్తారు. టేపు చివర సుద్ద రుద్ది బావిలోకి వదలడం, ఎక్కడిదాకా తడిసిందో చూసి గట్టు నుంచి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో పుస్తకంలో రాయడం, మూడేళ్ళుగా ఆమె పని. ఆ బిందెడు నీళ్ళకి టేపు మీద వెంట్రుకవాసి తేడా కూడా రాదని ఆమెకు తెలుసు. కంట్రాక్టరుకూ తెలుసు. అతను పోయించింది కొలత కోసం కాదు, భయం కోసం.

“ఎంత?” అన్నాడు కంట్రాక్టరు.

“ఏడున్నర.”

“ఏడు కావాలి. ఇంకా పన్నెండు రోజులుంది. ఈలోగా ఎవడైనా చెంబు ముంచాడో, వాడి నోట్లోనే కాదు, ఊరందరి నోట్లో మట్టే.” అని జీపెక్కాడు.

మరిది మూత వేసి తాళం నొక్కాడు. వదిన అత్త చేతిలోంచి ఖాళీ బిందె అందుకుంది.

*

ఈ తాళం కథ తెలియాలంటే మూడేళ్ళు వెనక్కి పోవాలి. అప్పట్లో ఆ కొండ బోడిగుండు. వానొస్తే నీళ్ళు ఆగేవి కావు, మట్టిని కూడా వెంటబెట్టుకుని వాగులో కలిసేవి. వేసవి వచ్చిందంటే బావిలో నీళ్ళు పన్నెండు మీటర్ల లోతుకు పోయేవి. చాంతాడు చాలక ఆడవాళ్ళు దానికి మరో ముక్క కలిపి ముడి వేశారు. పిడికిలంత ముడి. గిలక మీదికి వచ్చినప్పుడల్లా తట్టుకుని, చెయ్యి జారి, అరచేతులు చీరుకుపోయేవి.

అప్పుడొచ్చింది పథకం. కొండ పొడుగునా కందకాలు తవ్వాలి, రాతికట్టలు కట్టాలి, మొక్కలు నాటాలి. దీనికి ప్రభుత్వం డబ్బిస్తుంది. కానీ పని చూసి ఇవ్వదు, ఫలితం కొలిచి ఇస్తుంది. మూడో ఏట వేసవికి బావిలో నీళ్ళు రెండు మీటర్లు పెరగాలి. వాగు నీళ్ళు గాజుసీసాలో పడితే అడుగున మట్టి కనబడకూడదు. అలా తేలితేనే కంట్రాక్టరుకు బిల్లు. వినడానికి ఎంత ధర్మంగా ఉంది! దొంగ పనులు చేసి బిల్లులు మింగేవాళ్ళకు ముకుతాడు వేసినట్టే అనుకుంది ఊరు. కంట్రాక్టరు ఆ ముకుతాడు తీసి కూలీల ముక్కుకు తగిలించాడు. సగం కూలి ఇప్పుడు, మిగతా సగం ఫలితం తేలాక, అని అందరి దగ్గరా వేలిముద్రలు తీసుకున్నాడు. పని లేని ఊళ్ళో వేలిముద్ర అడిగితే వేలు వెనక్కి తీసేవాళ్ళు ఎవరుంటారు?

తవ్వారు. మగా ఆడా, ఎండలో గునపాలు కాలిపోతుంటే గుడ్డ చుట్టుకుని తవ్వారు. వదిన మొగుడు తాపీ పనివాడు. కొండ మీద పదకొండు రాతికట్టలు అతని చేతులమీదుగా లేచాయి. రెండో ఏడు వానలకే కందకాల్లో నీళ్ళు నిలబడ్డాయి. వేసవిలో చాంతాడు ముడి గిలక దాకా రావడం మానేసింది. అది గట్టు మీద చుట్టలోనే పడి ఉండి దుమ్ము పట్టింది. ఆడవాళ్ళ అరచేతులు మానాయి. నీళ్ళు పెరిగాయనడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాగితానికి కావాలి. కాగితం దగ్గరే ఊరు బోల్తాపడింది.

పథకం మొదట్లో, తొలి కొలతకు అధికారులు వస్తున్నారని కబురందింది. ఊరికి సిగ్గేసింది. మన గడపకు వచ్చేవాళ్ళకు ఎండిపోయిన బావి చూపిస్తామా అనుకున్నారు. ఆ మాట అందరికంటే ముందు అన్నది వదినే. నాలుగు రోజులు ఒక్కరూ బిందె ముంచలేదు. ఉన్న నీళ్ళతో సరిపెట్టుకున్నారు. మగవాళ్ళు దిగి బురద ఎత్తిపోశారు, ఊటలు విప్పారు, గట్టు కడిగారు. పన్నెండు ఉండాల్సిన చోట టేపు తొమ్మిది చూపించింది. “ఫరవాలేదే, మంచి బావే,” అన్నారు వచ్చినవాళ్ళు. ఊరు ఉబ్బిపోయింది. ఫారంలో ఒక గడి ఉంది. ‘బావి వాడుక మామూలుగా ఉందా?’ అని. మామూలే కదా అని వదిన టిక్కు పెట్టి కింద సంతకం చేసింది. పక్కన సాక్షి సంతకం కంట్రాక్టరు చేశాడు.

లేనివాళ్ళు లేమిని దాచుకోవడం తప్పా? ఆ కాగితం లెక్కలో తప్పే. తాళం పడేదాకా ఊరంతా తోడుకుంటున్నా వేసవిలో నీళ్ళు తొమ్మిది దగ్గరే ఆగేవి. అంటే మూడు మీటర్లు పెరిగాయి. కాగితం మాత్రం అప్పుడు తొమ్మిది, ఇప్పుడు తొమ్మిది, పెరిగింది సున్నా అంటుంది. సున్నాకు బిల్లు రాదు. అందుకే కంట్రాక్టరు కొలత తేదీకి ఇరవై రోజుల ముందు బావికి తాళం వేశాడు. తోడకపోతే నీళ్ళు అవే పైకి వస్తాయి. ఏడు దగ్గర ఆపితే రెండు మీటర్లు పెరిగినట్టే. వాగులో గొర్రె, మేక, మనిషి కాలు పెట్టకూడదన్నాడు. కాలు పెడితే మట్టి లేస్తుంది, సీసా నీళ్ళు పాడవుతాయి. కింద ఉన్న రెండు ఊళ్ళ బావులకూ ఇవే తాళాలు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. ఆ కొండ మీద అది సామెత కాదు. ముందున్నది తాళం పడిన నుయ్యి, వెనకున్నవి తామే తవ్వుకున్న గోతులు.

*

రోజు విడిచి రోజు కొండ కింద రోడ్డు మలుపులో ట్యాంకరు ఆగుతుంది. ఇంటికి రెండు బిందెలు. నీళ్ళు పోసే చోటు నుంచి ఇల్లు చేరేసరికి బిందెలో పావు వంతు ఒలికిపోతుంది, ఒంట్లో సగం చెమటై పోతుంది. నీళ్ళ కోసం చేసే నడకకే నీళ్ళు చాలడం లేదు.

బావి దగ్గర అవమానం జరిగిన నాలుగో రోజు, కోడలు వద్దంటున్నా వినకుండా అత్త కిందికి దిగింది. వచ్చేటప్పుడు రాయి జారింది. కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో పిండికట్టు వేయించి, పెద్దకొడుకు భుజం మీద మోసుకుని ఇంటికి తెచ్చాడు. మంచం మీద పడుకోబెట్టగానే ఆమె అడిగిన మొదటి మాట నొప్పి గురించి కాదు.

“బిందె సొట్టపడిందా?”

“పడింది అత్తా.”

“ఎక్కువగానా?”

“నీ చెయ్యంత కాదులే,” అంది వదిన. నవ్వబోయింది, నవ్వు రాలేదు. అత్త పెదాలు పగిలి ఉన్నాయి. గ్లాసులో మిగిలిన నీళ్ళు మూడు గుక్కలు. తాగించింది. ఆ మూడు గుక్కలూ మింగుతూ ముసలామె కళ్ళతో ఇంకా కావాలంది, నోటితో చాలంది. వదినకు వచ్చిన కోపం కంట్రాక్టరు మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు. ఆ తొమ్మిది రాసింది తన చెయ్యి. ఆ సుద్ద అంటిన చెయ్యే.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఊరు ఏడో నంబరు కందకంలో చేరింది. మీటింగు పెట్టుకోవడానికి ఊళ్ళో ఇంకో చోటు లేక కాదు. కందకంలో కూర్చుంటే పైన పోయే జీపులోంచి తలలు కనబడవు. మేకల మామ ఎంచిన చోటది. మేకల మామ ఒకప్పుడు రాతిక్వారీలో పనివాడు. క్వారీ సమ్మెలో ఏడు నెలలు జైల్లో ఉండి వచ్చాక పని ఎవరూ ఇవ్వలేదు. మేకల్ని కొనుక్కున్నాడు. వాగు మూసేశాక వాటిలో ఎనిమిది చచ్చాయి.

“నా మాట వినండి,” అన్నాడు వదిన మొగుడు. అతను మంచి పనివాడు, జాగ్రత్త మనిషి. రాయి మీద రాయి పెట్టేవాడికి తొందర ఉండదు. “ఇంకో ఏడు రోజులు. పళ్ళు బిగపడితే ఏడు చూపిస్తాం. బిల్లొస్తుంది, మన సగం కూలి మన చేతికొస్తుంది. ఇప్పుడు గొడవ చేస్తే నోటికాడ ముద్ద జారిపోతుంది.”

“ముద్ద మింగడానికైనా గుక్కెడు నీళ్ళుండాలిగా అన్నా?” అంది వెనకనుంచి ఒకావిడ. ఆమె మొక్కలు నాటే గుంపులో మనిషి, నోటికి తాళం లేని రకం. జనం నవ్వారు.

“నవ్వడం కాదు. మీ అమ్మ చెయ్యే విరిగింది. అయినా ఆగమంటున్నావా?” అని ఇంకొకడు నిలదీశాడు.

“మా అమ్మ చెయ్యి విరిగిందనే చెప్తున్నా. మందులకి ఆ సగం కూలే దిక్కు,” అన్నాడతను. అందరి ఇళ్ళలోనూ ఆ సగం కూలి రాకముందే ఖర్చయిపోయి కూర్చుంది.

మేకల మామ లేచాడు. “సరే, ఆగుదాం. ఏడు చూపిద్దాం. వచ్చే ఏడో?”

“వచ్చే ఏడేంటి?”

“వేలిముద్రలు వేసినవాళ్ళు చదవలేదు. చదివినవాడు చెప్పలేదు. నేను మొన్న ఆ కాగితం చదివించుకున్నా. ఈ కొలత ఒక్కసారి కాదు నాయనా. ఇంకో ఐదేళ్ళు. ఏటా వేసవికి ఏడు కనబడాలి, లేకపోతే ఇచ్చింది కూడా వెనక్కి లాక్కుంటారు. ఇది ఇరవై రోజుల తాళం కాదు. మీ మనవల దాకా వేసిన తాళం.”

ఎవరో పసిపిల్ల ఏడిస్తే తల్లి రొమ్ము అందించింది.

అప్పుడు వదిన నిలబడింది. మూడేళ్ళుగా టేపు తప్ప మాట ఎత్తని మనిషి. “నీళ్ళు పెరిగాయి,” అంది. “మూడు మీటర్లు. మీరు తవ్విన ప్రతి బారా బావిలోకి వచ్చింది. కాగితం మీదే రాలేదు. ఎందుకో నాకు పుస్తకం తిరగేస్తే నిన్న తెలిసింది. వచ్చినవాళ్ళ ముందు పరువు పోకూడదని నాలుగు రోజులు తోడకుండా ఆపామే, ఆ రోజు రాసిన తొమ్మిది నుంచే మొదలుపెట్టి లెక్క కడుతున్నారు. ఆపమన్నది నేను. రాసింది నేను. తిట్టేవాళ్ళు నన్ను తిట్టండి.”

మొక్కల ఆవిడ నుదురు కొట్టుకుంది. “ఓసి మన పరువు మండా! ఉన్నవాడు లేదని ఏడ్చి ఇంకా సంపాదిస్తాడు. మనం లేకపోయినా ఉందని చూపించి ఉన్నది పోగొట్టుకున్నాం.”

“నిజం చెప్పేద్దాం మరి,” అన్నాడొకడు.

“చెప్తే తొలి కొలతే చెల్లదంటారు. పథకం ఆపుతారు. కూలి గోవిందా. వదిన జైలుకి.”

“చెప్పకపోతే?”

“బావి జైలుకి.”

అటు తిరిగినా గోడే, ఇటు తిరిగినా గోడే. పొద్దు వాలేదాకా వాదులాడుకున్నారు. ఒకరి మీదొకరు అరుచుకున్నారు. తాళం పగలగొడదామని కొందరు లేస్తే మేకల మామ కూర్చోబెట్టాడు. “ఇవాళ పగలగొడితే దొంగలమంటారు. కొలిచే రోజున, సర్కారు కళ్ళెదుట తోడుదాం. దాన్ని దొంగతనమంటే, నీళ్ళు తాగే ప్రతివాడూ దొంగే. కానీ ఒక మాట. మనం అడగాల్సింది బిల్లు కాదు. మనం తవ్వాం. తవ్వినదానికి కూలి. నీళ్ళు ఎక్కడికొచ్చాయో చూసి కూలిచ్చే పద్ధతే ఉచ్చు. మన కూలి మన చెమటకి. బావి మన గొంతుకి. ఈ రెంటినీ ముడేసినవాడి ముడి విప్పాలి.”

ఆ మాట నిలిచింది. కింది రెండు ఊళ్ళకూ కబురు చేరవేసే పని మామే తీసుకున్నాడు. వాగు లేని మేకలు ఎటు తిరిగితే ఎవరడుగుతారు?

*

గోడలకు చెవులుంటాయంటారు, కందకాలకూ ఉంటాయి కాబోలు. రెండో రోజు కల్లా కంట్రాక్టరు వదిన ఇంటి ముందు జీపు ఆపాడు. లోపలికి వచ్చి, మంచం మీద ముసలామెను చూసి, “అయ్యో, ఎలా జరిగిందమ్మా?” అన్నాడు. ముసలామె గోడవైపు తిరిగింది.

“ఏమ్మా, ఆ గడిలో టిక్కు ఎవరిది?” అన్నాడు వదినతో.

“నాది.”

“సంతకం?”

“నాదే. పక్కన మీది.”

“నేను పరాయి ఊరివాణ్ణి. మీ బావి మీరు ఎన్ని రోజులు తోడలేదో నాకేం తెలుస్తుంది? చెప్పినవాళ్ళు చెప్పారు, సంతకం పెట్టా.” నవ్వాడు. “ప్రభుత్వాన్ని మోసం చేస్తే రెండేళ్ళు వేస్తారట. నువ్వు నోరు మెదపకపోతే ఏడు వస్తుంది, ఊరికి కూలి వస్తుంది. ఊరి నోటికాడ ముద్ద నీ చేతిలో పెట్టా. తినిపిస్తావో, నేలపాలు చేస్తావో నీ ఇష్టం.”

జీపు పోయాక మొగుడు గడపలో చతికిలబడ్డాడు. “నువ్వు పోతే అమ్మనెవరు చూస్తారే?”

వదినకు భయమేసింది. ఎప్పుడూ పోలీసు స్టేషను గడప తొక్కని మనిషి. ఆమె మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తుంటే అత్త ఎడమ చెయ్యి వచ్చి తల మీద పడింది.

“నన్ను చూడ్డానికి ఊరుందిలే,” అంది ముసలామె. “వాడు నా కొడుకు చేత పోయించాడు చూడు, ఆ నీళ్ళు నాకింకా చెవిలో పడుతున్నాయి. నువ్వు కూడా వాడి చేతిలో మనిషివైతే నాకు తాగడానికి నీళ్ళున్నా గొంతు దిగవు.”

*

కొలత రోజు తొమ్మిదింటికే బావి చుట్టూ జనం. చంకల్లో బిందెలు, చేతుల్లో బకెట్లు. ఒక పక్క పోలీసు జీపు, ఎస్సై, నలుగురు కానిస్టేబుళ్ళు. కొలత ఆఫీసరు సన్నటి మనిషి, మెడకు తడి గుడ్డ చుట్టుకున్నాడు. అతని దగ్గర సుద్ద టేపు లేదు. నీళ్ళు తగిలితే కూత పెట్టే యంత్రం ఉంది. మరిది తాళం తీసి మూత జరిపాడు. తీగ దిగింది. కూత వినబడింది.

“ఏడు,” అన్నాడు ఆఫీసరు.

కంట్రాక్టరు మొహం వెలిగింది. జనం కదల్లేదు. ఆఫీసరు ఫారం తీసి వరసగా గడులు నింపుతూ, తల ఎత్తకుండానే అడిగాడు. “కొలతలు చూసేది నువ్వేనా అమ్మా? బావి వాడుక మామూలుగానే ఉందా?”

అదే ప్రశ్న. మూడేళ్ళ కిందట ఊరి పరువు కోసం అవునని గీసిన ప్రశ్న. పెన్ను కాగితానికి ఆనే ఉంది. కంట్రాక్టరు ఆమెనే చూస్తున్నాడు. మంచం మీద ఉండాల్సిన అత్త, కట్టులేని ఎడమ చేత్తో గోడ పట్టుకుని జనంలో నిలబడి ఉంది.

“లేదు సార్,” అంది వదిన.

పెన్ను ఆగింది.

“ఇరవై రోజులుగా తాళం వేశారు. ఒక్క చుక్క తోడనివ్వలేదు. ఈ ఏడు దొంగ ఏడు. మూడేళ్ళ కింద నేను రాసిన తొమ్మిదీ నిజం కాదు. అప్పుడు పన్నెండు. మీలాంటివాళ్ళు వస్తున్నారని నాలుగు రోజులు మేమే తోడకుండా ఆపాం. ఎండిన బావి చూపించడానికి సిగ్గుపడ్డాం సార్. తోడుకుంటూ ఉంటే ఇప్పుడు తొమ్మిది. అదే నిజం కొలత.”

“అబద్ధం! కూలి గొడవ పెట్టుకుని...” కంట్రాక్టరు అరిచాడు.

“సాక్ష్యం ఏముందమ్మా?” అన్నాడు ఆఫీసరు. అతని గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

మొక్కల ఆవిడ చాంతాడు చుట్ట తెచ్చి అతని కాళ్ళ ముందు పడేసింది. ముడి చూపించింది. “మూడేళ్ళ కింద ఈ ముడి రోజూ గిలకెక్కేది. మా చేతులు చూడండి, ఇంకా మచ్చలున్నాయి. రెండేళ్ళుగా ఈ ముడి తడవలేదు. ముట్టుకోండి.”

ఆఫీసరు వంగి ముట్టుకున్నాడు. వేళ్ళకు దుమ్ము అంటింది. చాలాసేపు ఆ దుమ్ము చూశాడు. “నిజమే కావచ్చు,” అన్నాడు చివరికి. “కానీ దీనికి నా ఫారంలో గడి లేదు.”

“గడి లేకపోతే గీసుకోండి సార్,” అన్నాడు మేకల మామ. “పెన్ను మీ చేతిలోనే ఉందిగా.”

జనంలో నవ్వు పుట్టింది, నవ్వులోంచి అరుపు పుట్టింది. కంట్రాక్టరు మరిది వైపు తిరిగాడు. “చూస్తావేంట్రా? మూత వెయ్యి!”

మరిది చేతిలో తెరిచిన తాళం ఉంది. మెడలో చెవి ఉంది. తల్లి కట్టు వైపు చూశాడు. చెవి మెడలోంచి తీసి తాళంలో పెట్టి, రెంటినీ కలిపి బావిలోకి విసిరాడు. ఖాకీ చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. తల్లి సొట్టబిందె తీసుకుని, చాంతాడు గిలక మీద వేసి, దింపాడు. ఇరవై రోజులుగా నూనె లేని గిలక కీచుమని అరిచింది. ఆ అరుపుకి ఊరు ఒళ్ళు జలదరించింది.

పైకి వచ్చిన బిందె వంచి తల్లి ఎడమ అరచేతిలో పోశాడు. “తాగమ్మా,” అన్నాడు. ఆమె తాగింది. గడ్డం మీంచి కారుతుంటే తుడుచుకోలేదు.

ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో లేదు. బిందె మీద బిందె దిగింది. కానిస్టేబుళ్ళు లాఠీలు అడ్డం పెట్టారు. ఆడవాళ్ళు లాఠీల కిందనుంచి దూరారు. “మా కూలి మా చెమటకి! మా బావి మా గొంతుకి!” కేకలు కొండకు తగిలి తిరిగి వచ్చాయి. యంత్రం తీగ ఇంకా బావిలోనే ఉంది. నీళ్ళు బెత్తెడు దిగేసరికి దాని కూత ఆగిపోయింది. “రాసుకోండి సార్, ఇదీ ఫలితమే!” అని ఎవరో అరిచారు. ఆఫీసరు ఫారం మూసి, ఎండలో నిలబడిపోయాడు.

ఎస్సై వదిన దగ్గరికి వచ్చాడు. “తప్పుడు కొలత రాశానని నువ్వే ఒప్పుకున్నావు. నడు.”

అప్పుడు జనంలోంచి ముందుకొచ్చింది ఆమె మొగుడు. కందకంలో ఆగమన్న మనిషి. “ఆ రోజు బావిలో దిగి బురద తీసింది నేను,” అన్నాడు. “నన్నూ ఎక్కించండి.”

“గట్టు కడిగింది నేను.”

“నాలుగు రోజులు బిందె ముంచనిది నేను.”

“నేనూ ముంచలేదు.”

“జీపులో ఇంతమందికి చోటు లేదు,” అన్నాడు ఎస్సై విసుగ్గా.

“నడిచొస్తాంలెండి,” అన్నాడు మేకల మామ. “రోజూ ట్యాంకరు దాకా దిగుతున్నాం. కొండ దిగడం మాకు మీ పుణ్యమా అని బాగా అలవాటైంది.”

వదిన నడుముకు కట్టుకున్న టేపు విప్పి మొక్కల ఆవిడ చేతిలో పెట్టింది. “సుద్ద బాగా రుద్దు,” అంది. “కనబడినదే రాయి. ఒకటి తక్కువ కాదు, ఎక్కువ కాదు.”

జీపు కదిలింది. వెనక ఊరంతా నడుస్తోంది, దుమ్ములో ఎవరూ విడివిడిగా కనబడటం లేదు. వదిన ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుంది. భయం పోలేదు. కూలి రాదేమో, రెండేళ్ళు పడతాయేమో, అత్త కట్టు ఎవరు విప్పిస్తారో. ఏదీ తేలలేదు. ఒక్కొక్క కందకం దాటుతుంటే దాని నంబరు మనసులో చదువుకుంది. పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. అన్నీ తమ చేతులతో తవ్వినవే.

కింది ఊరి మలుపు దగ్గర జీపు నెమ్మదించింది. ఇళ్ళ వెనకనుంచి ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత ఏదో పెద్దది రాతి మీద పడింది. కాసేపు ఏమీ వినబడలేదు. అంతలో కీచుమంటూ ఒక గిలక తిరగడం మొదలుపెట్టింది.

“ఏంటా చప్పుడు?” అన్నాడు ఎస్సై వెనక్కి తిరిగి.

“కొలతలు సార్,” అంది వదిన. “కింది ఊళ్ళో కూడా మొదలుపెట్టారు.”